డీజిల్ వ్యాన్ కూలింగ్ సిస్టమ్‌లో ప్రెజర్ ఎక్కువైతే: అది వేడి ప్రెజరా, గ్యాస్ ప్రెజరా?

బానెట్ ఎత్తి, రేడియేటర్ పై హోస్ పైపును ఒకసారి నొక్కి చూసి, గట్టిగా తగలగానే "హెడ్ గాస్కెట్ పోయింది" అని తేల్చేసే మెకానిక్‌లకు కొదవ లేదు. సిలిండర్ల మీద మూతలా కూర్చునే హెడ్‌కీ, కింది బ్లాకుకీ మధ్య గ్యాస్, కూలెంట్ కలవకుండా ఆపే పొరే ఈ గాస్కెట్. దాన్ని మార్చడానికి హెడ్ దించడమంటే చిన్న పని కాదు. టైమింగ్ బెల్టో చైనో విప్పాలి, ఇంజెక్టర్లు పీకాలి, మానిఫోల్డులు ఊడదీయాలి, గాస్కెట్ సెట్టూ కొత్త బోల్టులూ కొనాలి, హెడ్‌ను మెషిన్ షాపుకి పంపాలి. ఇంతా చేశాక మళ్లీ అదే పైపు అంతే గట్టిగా ఉంటే ఎవరికైనా టెన్షన్ పుట్టక మానదు. ఈ తంటా చాలావరకు ఆ మొదటి నొక్కుడు దగ్గరే మొదలవుతుంది. ఇంజిన్ ఎంత వేడి మీద ఉందో, స్టార్ట్ చేసి ఎంతసేపైందో చూడకుండా పైపు గట్టిదనం ఒక్కదాన్నే చూస్తే ఏమీ తేలదు.

ఎందుకంటే, వేడెక్కిన ఇంజిన్‌లో పైపు గట్టిగానే ఉండాలి. సిస్టమ్‌ను తయారు చేసిందే అలా. మామూలు గాలి ప్రెజర్‌లో నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయి. సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంట్ అయితే సుమారు 107 డిగ్రీల దాకా ఆగుతుంది. దాన్ని గాలి చొరని సిస్టమ్‌లో బంధించి, బయటి గాలి కంటే 1 బార్ (అంటే దాదాపు మామూలు గాలి ప్రెజర్ అంత) ఎక్కువ ప్రెజర్ కింద ఉంచితే మరిగే వేడి 125 డిగ్రీలు దాటిపోతుంది. హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ ఉండే ఇరుకు దారుల్లో కూలెంట్ ఆవిరై బుడగలు కట్టకుండా ఉండాలంటే ఈ అదనపు వెసులుబాటు కావాలి. అందుకే కూలెంట్ ట్యాంకు లేదా రేడియేటర్ మూత మీద 0.9, 1.1, 1.4 వంటి అంకె ఒకటి రాసి ఉంటుంది. అది ఆ మూత ఎన్ని బార్ల దాకా పట్టి ఉంచుతుందో చెప్పే లెక్క. అంత ప్రెజర్ రావడం జబ్బు కాదు.

ఈ ప్రెజర్ ఎక్కడి నుంచి వస్తుందో విడదీసి చూస్తే చిక్కు సగం వీడిపోతుంది. మొదటిది, కూలెంట్ వేడెక్కి వ్యాకోచించి ట్యాంకులో పైన ఉన్న గాలిని అదమడం. రెండోది, కూలెంట్ నుంచి లేచే ఆవిరి. మూడోది వాటర్ పంప్ తోసే తోపు. ఇది పంప్ తర్వాత పైపుల్లో కాస్త ఎక్కువగా, పంప్‌కి ముందు పైపుల్లో తక్కువగా ఉంటుంది. రేస్ ఇచ్చినప్పుడు పై హోస్ కాస్త బిగిసి, వదలగానే సడలితే అది పంప్ పనే, దానికి కంగారు పడక్కర్లేదు. ఈ మూడూ సిస్టమ్ లోపల పుట్టేవే. వేడి తగ్గితే, ఇంజిన్ ఆగితే వచ్చిన దారినే పోతాయి. నాలుగోది మాత్రం బయటి నుంచి చొరబడే గ్యాస్. సిలిండర్‌లో నుంచో, ఎగ్జాస్ట్ దారిలో నుంచో వచ్చి చేరుతుంది. వేడితో దీనికి నిమిత్తం లేదు. చల్లారినా ఆవిరిలా నీరుగా మారి మాయమైపోదు, అక్కడే ఉండిపోతుంది. మనం చేయబోయే పరీక్షలన్నీ ఈ ఒక్క తేడాను పట్టుకోవడానికే.

ముందు వ్యాకోచం సంగతి కాస్త లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. సిస్టమ్‌లో 10 లీటర్ల కూలెంట్ ఉందనుకోండి. 20 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు వచ్చేసరికి అది దాదాపు 400 మిల్లీలీటర్లు పెరుగుతుంది. ట్యాంకులో ఒక లీటర్ గాలి ఖాళీ ఉంటే అది 600 మిల్లీలీటర్లకు కుంచించుకుపోతుంది, పైగా ఆ గాలి కూడా వేడెక్కుతుంది. హోస్ పైపులు ఉబ్బి కొంత సర్దుబాటు చేసినా, బయటి గాలి కంటే 1 బార్ అటూ ఇటూగా ప్రెజర్ రావడం సహజమే. ఇప్పుడు ఎవరో పుణ్యాత్ముడు "కూలెంట్ ఎక్కువుంటే మంచిదేగా" అని మూత అంచు దాకా పోశాడనుకోండి. వ్యాకోచించడానికి చోటే మిగలదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ప్రెజర్ మూత హద్దును తాకుతుంది, మూత తెరుచుకుంటుంది, కూలెంట్ బయటికి కక్కేస్తుంది. చూసేవాళ్లకు అది అచ్చం గాస్కెట్ పోయినట్టే కనిపిస్తుంది. తేడా ఎలా తెలుస్తుందంటే, నిండుగా పోయడం వల్ల వచ్చిన ఇబ్బంది ఒకటి రెండు ప్రయాణాలతో సరిపోతుంది. కక్కాల్సింది కక్కి, లెవెల్ తన చోటికి తాను వచ్చి అక్కడ ఆగుతుంది. గ్యాస్ వల్ల అయితే ఎన్నిసార్లు పోసినా కక్కుతూనే ఉంటుంది. కాబట్టి ఏ పరీక్షకైనా ముందు, చల్లగా ఉన్నప్పుడు కూలెంట్‌ను కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్యకు తెచ్చి పెట్టాలి. ఇది చేయకుండా చూసిన ఏ ఫలితాన్నీ నేను లెక్కలోకి తీసుకోను.

తర్వాత మూత. ఇంత చవకైన వస్తువు మీద ఇంత తక్కువ అనుమానం రావడం విచిత్రం. మూతలో రెండు వాల్వులుంటాయి. ఒకటి ప్రెజర్ హద్దు మీరితే బయటికి వదులుతుంది. ఇంకొకటి చల్లారేటప్పుడు లోపల ఖాళీ ఏర్పడితే గాలిని, లేదా పక్క సీసాలోని కూలెంట్‌ను లోపలికి రానిస్తుంది. మొదటిది తుప్పుతోనో మడ్డితోనో అతుక్కుపోతే ప్రెజర్ హద్దు దాటుతుంది, ప్లాస్టిక్ ట్యాంకు అతుకో రేడియేటర్ అంచో ముందుగా పగులుతుంది. దాని స్ప్రింగ్ వదులైతే కథ తిరగబడుతుంది: ప్రెజర్ నిలవక, మామూలు వేడికే కూలెంట్ మరిగి పొంగుతుంది. చూసేవాళ్లేమో ప్రెజర్ ఎక్కువైందనుకుంటారు. రెండో వాల్వు మూసుకుపోతే ఇంజిన్ చల్లారాక హోస్ పైపులు లోపలికి నొక్కుకుపోయి చప్పిడిగా కనిపిస్తాయి. చేతి పంపుతో మూతను పరీక్షించే అడాప్టర్ ఉంటే రెండు నిమిషాల పని. లేకపోతే సరైన అంకె ఉన్న కొత్త మూత వేసి చూడటమే మేలు. "ఇది కాస్త గట్టిది" అని ఎక్కువ అంకె మూత వేయడం మాత్రం కూడదు, తర్వాతి బలహీనమైన చోటు పగలడానికి దారి చూపించినట్టవుతుంది.

ఇక ఇంజిన్ నిజంగానే అతిగా వేడెక్కుతుంటే ప్రెజర్ దాని వెనకే వస్తుంది. ఇక్కడ డ్యాష్‌బోర్డు ముల్లును నమ్మి మోసపోవద్దు. చాలా బండ్లలో కూలెంట్ 80 డిగ్రీలున్నా, 100 దాటినా ముల్లు నడిమధ్యనే కదలకుండా కూర్చునేలా సర్ది పెడతారు. బండి సెన్సర్ల అంకెలు చూపే స్కానర్ పెట్టి అసలు డిగ్రీలు చూడాలి. దాంతోపాటు, కూలెంట్ తగ్గి సెన్సర్ చుట్టూ ఆవిరి మాత్రమే మిగిలితే అది తప్పు చెబుతుందని కూడా గుర్తుంచుకోవాలి. వేడి ముందు పెరిగి, ప్రెజర్ దాన్ని అనుసరిస్తే వెతకాల్సిన చోట్లు మామూలువే. పై హోస్ కాలిపోతూ కింది హోస్ చల్లగా ఉంటే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక రేడియేటర్ దారి తెరిచే వాల్వు) తెరుచుకోవడం లేదేమో చూడాలి. అది సాధారణంగా 82 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలుపెడుతుంది. ట్రాఫిక్‌లో వేడెక్కి, వేగం అందుకోగానే దిగితే ఫ్యాన్, దాని క్లచ్. వేగంలో, చడావులో వేడెక్కితే మూసుకుపోయిన రేడియేటర్ లేదా రెక్కలు అరిగిన వాటర్ పంప్. హీటర్ వేస్తే చల్లగాలే వస్తోందంటే ఎయిర్ లాక్ (పైపుల్లో ఇరుక్కున్న గాలి) లేదా కూలెంట్ తక్కువ. ఇవన్నీ తెలిసిన దారులే కాబట్టి వీటి దగ్గర ఎక్కువసేపు ఆగను.

అసలు చిక్కు, స్కానర్‌లో వేడి మామూలుగా ఉంటూనే ప్రెజర్ పెరిగిపోతున్నప్పుడు మొదలవుతుంది.

డీజిల్ ఇంజిన్‌లో మంట లేకుండా ఉత్త కంప్రెషన్ ప్రెజరే 25 నుంచి 35 బార్ల దాకా ఉంటుంది. డీజిల్ మండినప్పుడు, ఇప్పటి కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి భారీ ప్రెజర్‌తో డీజిల్ అందే) ఇంజిన్లలో అది 150 బార్లు కూడా దాటుతుంది. దీనికి అడ్డంగా ఉన్న సన్నటి గాస్కెట్ అంచు అవతల కూలెంట్ ప్రెజర్ 1 బార్ చిల్లర. మధ్యలో వెంట్రుక వాసి దారి దొరికినా గ్యాస్ అటువైపు తోసుకుపోతుంది. అందుకే చాలా డీజిల్ ఇంజిన్లలో తొలి దశలో నూనెలో నీళ్లు కలవవు, సైలెన్సర్ నుంచి తెల్ల పొగ రాదు, పవర్ తగ్గదు. కంప్రెషన్ టెస్టు చేసినా అంకెలు బాగానే వస్తాయి, ఎందుకంటే ఒక్కో స్ట్రోక్‌లో పోయే గ్యాస్ అంత తక్కువ. "కంప్రెషన్ బాగుంది కాబట్టి గాస్కెట్ బాగుంది" అనే మాట ఇక్కడే తప్పుతుంది. రాత్రి బండి ఆపాక మాత్రం సీను మారుతుంది. సిలిండర్‌లో ప్రెజర్ పోయి, కూలెంట్‌లో మిగిలిపోతుంది కాబట్టి అదే దారిలో కూలెంట్ సిలిండర్‌లోకి కారుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక సిలిండర్ కాసేపు తడబడి, గుప్పుమని తెల్ల పొగ వచ్చి, నిమిషంలో సర్దుకుంటుంది. ఆ పొగ తియ్యటి వాసనేస్తే కూలెంట్. కళ్లు మండిస్తే మండని డీజిల్, దానికి కారణాలు వేరే వెతకాలి.

గ్యాస్ రావడానికి గాస్కెట్ ఒక్కటే దారి కూడా కాదు. హెడ్‌లో వాల్వుల మధ్య సన్నటి పగులు ఉండొచ్చు. కొన్ని ఇంజిన్లలో ఇంజెక్టర్ చుట్టూ కూలెంట్‌కి ఆనుకుని రాగి స్లీవ్ ఉంటుంది, అది వదులైనా ఇదే గతి. ఇక కొత్త తరం వ్యాన్లలో ఈజీఆర్ కూలర్ ఉంటుంది. ఎగ్జాస్ట్ గ్యాస్‌ను కూలెంట్‌తో చల్లార్చి మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈ భాగంలో గ్యాస్‌కీ కూలెంట్‌కీ మధ్య ఉండేది పల్చటి లోహపు గోడే. హెడ్ విప్పి, గాస్కెట్ మార్చి, ఏ తేడా లేక తల పట్టుకున్న చోట చివరికి దొంగగా దొరికేది చాలాసార్లు ఇదే.

పరీక్షల్లో అన్నిటికంటే చవకైనది పొద్దున మూత తీసి వినడం. రాత్రంతా ఆగి, పూర్తిగా చల్లారిన ఇంజిన్ మీద మూతను నెమ్మదిగా తిప్పండి. మామూలు సిస్టమ్‌లో ఏ శబ్దమూ రాదు, లేదా లోపలికి కాస్త గాలి పీల్చుకుంటుంది. వ్యాకోచించిన కూలెంట్ తిరిగి కుంచించుకుంది, ఆవిరి నీరైంది, గాలి తన పాత చోటికి వచ్చింది కాబట్టి మిగిలే ప్రెజర్ ఉండదు. అలా కాకుండా బుస్సుమని గాలి బయటికి వచ్చి, దాని వెనకే కూలెంట్ లెవెల్ పైకి లేస్తే, నిన్న పగలు ఎక్కడి నుంచో గ్యాస్ చేరిందని అర్థం. ఒక్క జాగ్రత్త. తెల్లవారుజామున చల్లలో మూత బిగించి, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండి మూత తీస్తే చిన్న బుస్సు వస్తుంది. అది వాతావరణం పని. దాన్ని పట్టుకుని హెడ్ దించకండి.

రెండోది గేజ్ పరీక్ష. నన్నడిగితే అన్నిటిలోకీ ఇదే గట్టి సాక్ష్యం. చేతి పంపు ఉన్న కూలింగ్ ప్రెజర్ టెస్టర్‌ను మూత స్థానంలో బిగించాలి. చాలామంది దీన్ని ఇంజిన్ ఆపి, పంపు కొట్టి, కారుతుందా లేదా చూడటానికే వాడి దాచేస్తారు. ఇక్కడ పంపు కొట్టే పనే లేదు. ఇంజిన్ మంచు ముక్కలా చల్లగా ఉండగా గేజ్ బిగించి, ముల్లు సున్నా మీద ఉందని చూసుకుని స్టార్ట్ చేయాలి. పక్కన స్కానర్‌లో కూలెంట్ డిగ్రీలు కనిపిస్తూ ఉండాలి. ఇక రెండు అంకెలనూ జంటగా చూడటమే పని. 35 డిగ్రీల దగ్గర నీటి ఆవిరికి ఉండే ప్రెజర్ సుమారు 0.06 బార్, వ్యాకోచం ఇంకా మొదలైందంటే మొదలైంది. ఆ సమయానికే ముల్లు 0.3, 0.4 బార్ల దాకా ఎక్కేసిందంటే వేడి మీద నేరం మోపే వీల్లేదు. మామూలు ఇంజిన్‌లో ముల్లు మొదట అక్కడక్కడే ఉండి, 60, 70 డిగ్రీలు దాటాక మెల్లగా ఎక్కుతుంది. గ్యాస్ దారి పెద్దదైతే ముల్లు ఐడిలింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే నడుస్తున్నప్పుడు) సన్నగా వణుకుతూ కూడా కనిపిస్తుంది, ఒక సిలిండర్ తన వంతు వచ్చినప్పుడల్లా కొట్టే దెబ్బ అది. అనుమానం మిగిలితే టెస్టర్ వాల్వు ద్వారా ఒకసారి ప్రెజర్ వదిలేసి మళ్లీ చూడండి. కూలెంట్ డిగ్రీలు పెద్దగా మారకుండానే ముల్లు తిరిగి అంత ఎత్తుకి ఎక్కితే, లోపలికి ఏదో వచ్చి చేరుతోందన్నమాట. ఇదంతా ఇంజిన్ ఇంకా చల్లగా, గోరువెచ్చగా ఉన్నంతసేపే. వేడెక్కాక టెస్టర్‌నైనా మూతనైనా విప్పితే, అప్పటిదాకా ప్రెజర్ ఆపి ఉంచిన కూలెంట్ ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. మూత అంకెను ముల్లు చేరగానే ఇంజిన్ ఆపేయాలి, టెస్టర్‌లో ఆ మూత పని చేసేవాళ్లు ఎవరూ లేరు.

కొన్ని లీకులు ఐడిలింగ్‌లో బయటపడవు. సిలిండర్ ప్రెజర్ పెరిగి, హెడ్ బోల్టులు వెంట్రుక వాసి సాగినప్పుడే గాస్కెట్ దారి ఇస్తుంది. లోడుతో చడావు ఎక్కితే కక్కుతుంది, ఖాళీగా నిలబెడితే బుద్ధిమంతురాలిలా ఉంటుంది. ఇలాంటప్పుడు గేజ్‌ను పొడవాటి హోస్‌తో క్యాబిన్‌లోంచి కనిపించేలా కట్టి, పక్కన మనిషిని కూర్చోబెట్టుకుని లోడు మీద నడిపి చూస్తారు. వేడి 90 దగ్గరే ఉండగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ప్రెజర్ ఎక్కి, పెడల్ వదిలినా పూర్తిగా దిగకపోతే జవాబు దొరికినట్టే.

నీలం రంగు ద్రవంతో చేసే గ్యాస్ పరీక్ష అందరికీ తెలుసు. ట్యాంకు పైనున్న గాలిని ఆ ద్రవం గుండా లాగితే, కార్బన్ డయాక్సైడ్ ఉంటే రంగు మారుతుంది. పెట్రోల్ ఇంజిన్లకు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. డీజిల్‌తో కొంచెం ఓపిక పట్టాలి. డీజిల్ ఇంజిన్ అవసరానికి మించిన గాలితో నడుస్తుంది కాబట్టి ఐడిలింగ్‌లో దాని ఎగ్జాస్ట్‌లో కార్బన్ డయాక్సైడ్ పెట్రోల్ బండిలో ఉన్నంత ఉండదు. ద్రవం పసుపు దాకా పోకుండా ఆకుపచ్చ దగ్గరే ఆగిపోవచ్చు, అసలు మారకపోవచ్చు కూడా. లోడు మీద తిప్పి వచ్చిన వెంటనే చేస్తే ఫలితం నమ్మదగ్గదిగా ఉంటుంది, అయితే వేడి మీద మూత తీసే ప్రమాదం ఉంది కాబట్టి ఆ పని తెలిసిన చేతులకే వదలాలి. కూలెంట్ చుక్క ఆ గొట్టంలోకి ఎగబాకితే రంగు అబద్ధం చెబుతుంది. అందుకే రంగు మారితే గట్టి ఆధారం, మారకపోతే మాత్రం క్లీన్ చిట్ కాదు.

గ్యాస్ ఉందని తేలింది, ఇక ఎక్కడి నుంచో తేల్చాలి. ఈజీఆర్ కూలర్ ఉన్న ఇంజిన్ అయితే నేను ముందు దాన్నే పక్కకు తప్పిస్తాను, హెడ్ జోలికి తర్వాత. చాలా ఇంజిన్లలో ఈజీఆర్ గ్యాస్ టర్బోకి (ఎగ్జాస్ట్ తోపుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి నెట్టే భాగానికి) ముందు నుంచే వస్తుంది, అక్కడ లోడు మీద ప్రెజర్ కూలెంట్ ప్రెజర్‌ను మించిపోగలదు. ఐడిలింగ్‌లో మాత్రం అంత ప్రెజర్ ఉండదు. కాబట్టి చల్లటి స్టార్ట్‌లో, ఐడిలింగ్‌లోనే ముల్లు ఎక్కితే అనుమానం హెడ్ వైపు, లోడు మీద మాత్రమే ఎక్కితే రెండిటి మీదా ఉంచుకోవాలి. కూలర్‌ను పూర్తిగా విప్పి, కూలెంట్ దారి ఒక కొసను మూసి, రెండో కొస నుంచి మూత అంకె పాటి గాలి పెట్టి వేడి నీళ్లలో ముంచితే బుడగలు కనిపిస్తాయి. చల్లటి నీళ్లలో ముంచితే పగులు మూసుకుని ఉండి తప్పించుకోవచ్చు. లేదా కూలర్‌కి వెళ్లే గ్యాస్ దారికి ప్లేటు వేసి, కూలెంట్ పైపులను ఒకదానికొకటి కలిపేసి, అదే గేజ్ పరీక్షను మళ్లీ చేయొచ్చు. ఇది పరీక్ష కోసమే, అలాగే నడుపుకోవడానికి కాదు.

సిలిండర్ల వైపే అనుకుంటే, ఏ సిలిండరో పట్టుకోవడానికి కొందరు ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ పీకి బుడగలు ఆగుతాయేమో చూస్తారు. పెట్రోల్ బండిలో అలవాటైన పద్ధతి ఇది. డీజిల్‌లో మంట ఆగినా ఆ 30 బార్ల కంప్రెషన్ ఆగదు, కాబట్టి బుడగలు తగ్గుతాయే గానీ ఆగకపోవచ్చు. ఇంకొందరు పాత అలవాటు కొద్దీ ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేస్తారు. కామన్ రైల్‌లో ఆ పైపులో 1,000 బార్లకు పైగా ప్రెజర్ ఉండొచ్చు, ఆ డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. నమ్మకమైన దారి లీక్‌డౌన్ టెస్టు. ఇంజిన్ ఆపి, ఆ సిలిండర్ పిస్టన్‌ను వాల్వులన్నీ మూసి ఉండే టాప్ డెడ్ సెంటర్‌కి (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే చోటికి) తెచ్చి, క్రాంక్ తిరగకుండా కట్టడి చేసి, గ్లో ప్లగ్ (చల్లటి స్టార్ట్‌లో సిలిండర్‌ను వేడి చేసే ప్లగ్) రంధ్రం గుండా 6, 7 బార్ల గాలి పెట్టాలి. ట్యాంకులో బుడగలు లేస్తే సిలిండర్ దొరికింది. గ్లో ప్లగ్ విరిగి లోపల ఉండిపోతే ఇంకో పెద్ద తలనొప్పి, కాబట్టి వాటిని ఇంజిన్ వెచ్చగా ఉన్నప్పుడు, మెల్లగా, టార్క్ రెంచ్ మీద కన్నేసి తీయాలి.

ఈలోగా బండి నడవాలి కదా అని మూత సగం తిప్పి వదిలేసేవాళ్లున్నారు. ప్రెజర్ పోతుంది, నిజమే. దాంతోపాటు మరిగే హద్దూ పడిపోతుంది, హెడ్‌లో ఆవిరి జేబులు కడతాయి. పంప్ రెక్కల దగ్గర, సిలిండర్ లైనర్ల (లోపలి తొడుగుల) గోడల మీద బుడగలు పుట్టి చిట్లుతూ లోహాన్ని కొరుక్కుతింటాయి. థర్మోస్టాట్ పీకేయడం కూడా ఇలాంటిదే, గ్యాస్‌కి అది మందు కాదు. లీక్ మూసే పౌడర్ల విషయంలో నాకు మరీ చిరాకు. 100 బార్లకు పైబడిన ప్రెజర్ తోస్తున్న దారిని ఆ పొడి నిలబెట్టదు, కానీ హీటర్ కోర్‌నూ రేడియేటర్ సన్నటి గొట్టాలనూ మాత్రం చక్కగా మూసేస్తుంది. ఆ తర్వాత గాస్కెట్ మార్చినా బండి వేడెక్కుతూనే ఉంటుంది, అప్పుడు కొత్త గాస్కెట్ మీద పడుతుంది నింద.

చివరికి హెడ్ దించాల్సి వస్తే, పాత గాస్కెట్‌ను పారేయకుండా వెలుతురులో పెట్టి చూడండి. సిలిండర్ చుట్టూ ఉన్న లోహపు వలయం నుంచి నీటి రంధ్రం వైపు సాగిన నల్లటి మసి చార ఉంటే గ్యాస్ నడిచిన దారి అదే. చార ఎక్కడా లేకపోతే గాస్కెట్ మార్చి మూసేయడం వృథా, హెడ్‌ను పగుళ్ల కోసం ప్రెజర్ టెస్టు చేయించాలి. స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్‌తో వంపు చూడాలి. చాలా ఇంజిన్లకు ఒప్పుకునే హద్దు 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ల మధ్యే ఉంటుంది, ఖచ్చితమైన అంకె ఆ ఇంజిన్ మాన్యువల్‌లో చూసుకోవాలి. డీజిల్‌లో ఇంకో మెలిక ఉంది. పిస్టన్ బ్లాకు అంచు దాటి ఎంత పైకి వస్తుందో కొలిచి, దాన్నిబట్టి గాస్కెట్ మందం ఎంచుకోవాలి. గాస్కెట్ అంచున ఉండే గాట్లో, చిన్న రంధ్రాలో ఆ మందాన్ని చెబుతాయి. తిప్పే కోణం డిగ్రీల లెక్కన, సాగేలా బిగించే బోల్టులైతే పాతవి మళ్లీ వాడకూడదు. అన్నీ బిగించి, ఎయిర్ లాక్ లేకుండా కూలెంట్ నింపి, రాత్రంతా చల్లారనిచ్చాక, పొద్దున్నే అదే గేజ్, అదే స్కానర్ పెట్టి స్టార్ట్ చేయండి. 35 డిగ్రీల దగ్గర ముల్లు సున్నాను అంటిపెట్టుకుని ఉంటేనే బండిని లోడుకి పంపండి.